మా మేడం, ఊపిరి ముక్క

మేడం గారు పోయారన్న కబురు నాకు దివిసీమ నుంచి వచ్చింది, ఆవిడ ఉండే గుడివాడ నుంచి కాదు. దివిసీమలో ఒక చిన్న ఆస్పత్రిలో ఎన్నో ఏళ్లుగా నర్సుగా ఉన్న పెద్ద సిస్టర్ గారు, నేను పాఠాలు చెప్పే బందరు కాలేజీకి ఫోన్ చేసి నన్ను క్లాసులోంచి పిలిపించారు.

"అమ్మాయ్, మేడం గారు ఇక లేరమ్మా. నిన్న మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారంట. కాఫీకి లేపితే లేవలేదంట. మన డాక్టరు గారు పొద్దున్నే గుడివాడ బయల్దేరి వెళ్లారు."

ఫోన్లో ఆవిడ వెనకాల వార్డు చప్పుళ్లు వినిపిస్తున్నాయి. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఇనప మంచం జరుపుతున్నారు. చివరికి సిస్టర్ గారే, "పేషెంట్లున్నారు, ఉంటానమ్మా" అని పెట్టేశారు. నేను గుడివాడ బస్సెక్కాను.

ఇది చదివేవాళ్లలో చాలామందికి మేడం ఎవరో తెలిసే అవకాశం లేదు. గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఆవిడ లెక్కల లెక్చరర్. తొంభైల్లో కాలేజీకి కంప్యూటర్లు వస్తే, వాటి మీద గుడ్డ కప్పి గదికి తాళం వేశారు. పాడైపోతాయని భయం. మేడం వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి, తన వయసులో సగం వయసున్న పిల్లల మధ్య కూర్చుని నేర్చుకుని వచ్చి, ప్రిన్సిపాల్ గారి దగ్గర ఆ తాళంచెవి అడిగి తీసుకున్నారు. మళ్లీ తిరిగి ఇవ్వలేదు. నేను ఆ గదిలోనే ఆవిడ శిష్యురాలినయ్యాను.

ఆవిడకో అలవాటుండేది. మేము రాసిన ప్రోగ్రాము కాగితం బల్ల మీద పెట్టగానే దాని మీద అరచేయి పరిచేవారు. నాలుగైదు వరసలు మాత్రమే కనపడేవి.

"ఈ కాస్తా ఏం చేస్తుందో చెప్పు. పైన ఏముందో, కింద ఏముందో నాకక్కర్లేదు."

"కిందది కూడా చూస్తేనే అర్థమవుతుంది మేడం."

"అయితే ఇది ముక్క కాదమ్మా, చిక్కు. విప్పుకుని రా."

విప్పుకుని వెళ్లేవాళ్లం. మళ్లీ అరచేయి, మళ్లీ ప్రశ్న. "ఒక ముక్క ఒక్క మాటే చెప్పాలి" అనేవారు. "రెండు చెప్పిందంటే రెండిట్లో ఒకటి అబద్ధమయ్యే రోజొస్తుంది, అప్పుడు ఏది పీకెయ్యాలో నీకు తెలీదు." మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించేది. క్లాసులో ఒకరిద్దరు ఆవిణ్ణి అనుకరించేవాళ్లు కూడా, టిఫిన్ బాక్సు మీద అరచేయి పెట్టి "ఈ కాస్తా ఏంటో చెప్పు" అని. ఆవిడ ఒకసారి విని, "వంకాయ కూర. వాసనే చెప్తోంది" అని వెళ్లిపోయారు.

ఆవిడ మరిది డాక్టరు. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి దివిసీమలోకి వెళ్తే, అక్కడ ఒక ఊళ్లో ఆయన చిన్న ఆస్పత్రి ఉంది. ఆ లంకల్లో, చేలల్లో పాముకాటు కొత్త సంగతి కాదు. నీళ్లు పెట్టడానికి గట్టు మీద నడిచేవాళ్లు, గడ్డివాములోంచి గడ్డి లాగేవాళ్లు, వరి కోసేవాళ్లు అందరూ ఆయన దగ్గరికే వస్తారు. ఒకరోజు ఆయన గుడివాడ వచ్చి, కాలేజీలోనే వదిన గారిని కలిశారు. నేను అక్కడే ఉన్నాను.

"నేనుంటే పర్లేదు వదినా. నేను ఊళ్లో లేనప్పుడే భయం. కొత్తగా వచ్చే డాక్టర్లు కొన్నాళ్లుండి పీజీ సీటొచ్చిందని వెళ్లిపోతారు. ఇన్నేళ్లలో నాకు తెలిసిందంతా ప్రతివాడికీ మొదట్నుంచీ చెప్పుకోవాల్సి వస్తోంది. కంప్యూటర్‌కి ఒక్కసారి చెప్తే గుర్తుంటుందంట గదా?"

"చెప్తే కాదయ్యా, చూపిస్తే నేర్చుకునే పద్ధతి ఒకటొచ్చింది" అన్నారు మేడం. "జరిగిపోయిన కేసులు చూపిస్తే, ముందు ఏది అడగాలి, తర్వాత ఏది అడగాలి అని ఆ ప్రశ్నల వరస అదే పేర్చుకుంటుంది. నీ పాత కేస్ షీట్లున్నాయా?"

"ఎలకలు కొట్టగా మిగిలినవి బీరువా నిండా ఉన్నాయి."

"పంపించు. ఎలకలు కూడా చదివాక మనం చదవకపోతే బాగోదు."

అలా మొదలైంది. నేనూ, నాతోపాటు చదివే ఇంకో అమ్మాయీ ఆ షీట్లలో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించాం. ఊరు, వయసు, కాటు ఎక్కడ, వాపు, వాంతులు, ఇచ్చిన సూదులు, చివరికి ఏమైంది, ఏదీ వదల్లేదు. కరిచిన పాము ఏదో చెప్పమన్నాం. పాత కేసుల మీద పరీక్షిస్తే దాదాపు ఎక్కడా తప్పు చెప్పలేదు. ఎగిరి గంతేసినంత పనయింది మాకు. మేడం తెర మీద చెయ్యి పెట్టి మొదటి వరస మాత్రం కనపడేట్టు ఉంచారు.

"ఇది మొట్టమొదట ఏం అడుగుతోంది?"

"రోగిని విజయవాడ పంపించారా అని అడుగుతోంది మేడం."

ఆవిడ కళ్లజోడు తీసి నవ్వారు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "రోగి గుమ్మం తొక్కగానే ఆ సంగతి ఎవడికి తెలుస్తుందమ్మా? ఊపిరి ఆడకపోతే విజయవాడ పంపుతారు, ఊపిరి ఎక్కువగా ఆగేది కట్లపాము కరిస్తే. అది చివర చూసి మొదలు చెప్పింది. వైద్యం నేర్చుకోలేదు, జవాబుల కాగితం చూసి రాసింది."

మా మొహాలు చూసి, "తప్పు దానిది కాదు, మీదీ కాదు" అన్నారు. "అన్నీ ఒకే మూటలో కట్టి దాని నెత్తిన పెట్టాం. విప్పుదాం పదండి."

ఆ మాటతో మా ఆదివారాలన్నీ దివిసీమకి వెళ్లిపోయాయి. పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సు. మేడం కిటికీ పక్కన కూర్చుని, స్టీలు క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా ఎవరో ఒకర్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవారు. వాన వస్తుందని పక్కసీటు ముసలాయన అంటే, "ఎలా తెలిసింది బాబాయ్ గారూ?" అనేవారు. "గాలి తేడాగా ఉందమ్మా" అంటే వదిలేవారు కాదు. "తేడా అంటే? చల్లగానా, తడిగానా, వచ్చే వైపు మారిందా?" ఆయన చల్లపల్లి దాకా ఆలోచించి, దిగేముందు, "వైపేనమ్మా, మారింది వైపే" అని చెప్పి దిగిపోయాడు.

ఆస్పత్రిలో అదే ప్రశ్న పెద్ద సిస్టర్ గారికి వచ్చింది.

"విషం ఎక్కుతున్న మనిషి చూడగానే తెలిసిపోతాడండీ. తేడాగా ఉంటాడు."

"తేడా అంటే సిస్టర్ గారూ?"

సిస్టర్ గారు మొదటి రోజు కాస్త విసుక్కున్నారు. రెండోసారికి ఆలోచించడం మొదలుపెట్టారు. మూడోసారి ఆవిడే మా కోసం కాచుకుని కూర్చున్నారు. కళ్లు తెరిచి పైకి చూడమంటే రెప్ప సగంలో ఆగిపోతుంది. దిండు మీంచి తల ఎత్తమంటే ఎత్తలేడు. మాట ముక్కులోంచి వస్తుంది. డాక్టరు గారు వాటిలో ఏది ముందొస్తుంది, ఏది తర్వాతొస్తుందో చెప్పారు. అమావాస్య కాటుకి విషం ఎక్కువని కూడా సిస్టర్ గారు చెప్పారు. మేడం దాన్నీ రాసుకున్నారు. కేసుల్లో చూస్తే అలాంటిదేం కనపడలేదు. ఆ మాట చెప్తే సిస్టర్ గారు, "అయితే మా అత్తగారి మాట తీసెయ్యండి, తల ఎత్తడం మాత్రం ఉంచండి" అన్నారు.

అప్పుడు మేడం ఆ మూటని మూడు ముక్కలు చేశారు. ఊపిరి తగ్గుతోందా? రక్తం గడ్డకడుతోందా? వాపు పెరుగుతోందా? ఒక్కో ముక్క తనకి కావాల్సినవి మాత్రమే చూస్తుంది, తన కేసులతో తనే నేర్చుకుంటుంది. పక్క ముక్క ఏమంటోందో దానికి తెలియదు. ఒక్కోటి మూడు మాటల్లో ఒకటే చెప్తుంది: పర్లేదు, జాగ్రత్త, తెలియదు. ఆ మూడో మాట కోసం మేడం చాలా పట్టుబట్టారు. మేము తెలియదన్నది తీసేసి ఏదో ఒకటి చెప్పిద్దామంటే ఒప్పుకోలేదు. "తెలీదని చెప్పడం రాని దాన్ని నమ్మి మనిషిని అప్పజెప్తామా?"

ఊపిరి కొలవడమే కష్టమైంది. ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో చూడటం డాక్టర్ల పద్ధతి. కానీ ఒకళ్లు గబగబా లెక్కపెడతారు, ఒకళ్లు సాగదీస్తారు, లెక్కలు రానివాళ్లుంటారు. ఇవన్నీ కలిపితే కంప్యూటర్ ఊపిరి నేర్చుకోదు, బడికెళ్లిందీ లేనిదీ నేర్చుకుంటుంది అన్నారు మేడం. ఏం చెయ్యాలో తోచక అందరం కూర్చుని ఉంటే, బయట ఆస్పత్రి ఆవరణలో పిల్లలు చెడుగుడు ఆడుతున్నారు. డాక్టరు గారు కిటికీలోంచి చూసి, "వదినా, కూత పెట్టిస్తే?" అన్నారు. కూత తెలియని వాళ్లు ఈ సీమలో ఎవరున్నారు? ఆ రోజు నుంచి ఆ ఆస్పత్రిలో పాము కరిచి వచ్చిన ప్రతి మనిషీ, ముసలమ్మలతో సహా, మంచం మీద కూర్చుని గోడ గడియారం ముందు చెడుగుడు కూత పెట్టారు. కొంతమంది అంత భయంలోనూ నవ్వేవారు.

డాక్టరు గారికీ మేడంకీ గట్టిగా మాటామాటా వచ్చింది ఒక్కసారే. ఈ మూడు ముక్కల్లో ఎక్కడా పాము పేరు లేదు.

"పాము పేరు లేకుండా పాముకాటు ప్రోగ్రామేంటి వదినా? నవ్విపోతారు."

"నీ దగ్గరున్న విరుగుడు సూది ఎన్ని రకాలు?"

"ఒక్కటే. ఇక్కడుండే విషప్పాములన్నిటికీ అదే."

"మరి పేరు తెలిస్తే నువ్వు చేసేదేంటి, తెలీకపోతే మానేసేదేంటి?"

ఆయనకి కోపం వచ్చింది. "మీకు వైద్యం తెలీదు వదినా" అని లేచి వార్డులోకి వెళ్లిపోయారు. మేడం నొచ్చుకున్నారని తెలుస్తూనే ఉంది, క్యారియర్ మూత పెట్టిన దాన్నే మళ్లీ పెడుతున్నారు. సాయంత్రం మేము బస్సుకి బయల్దేరుతుంటే డాక్టరు గారే స్టాండు దాకా వచ్చారు. "అప్పట్నుంచీ చూసిన పాముకాటు పేషెంట్లందర్నీ పాము పేరు అడక్కుండానే చూశాను" అన్నారు. "కష్టమేం కాలేదు. ఇన్నేళ్లూ అలవాటు మీద అడుగుతున్నానంతే." మేడం, "నాకు వైద్యం తెలీదన్నది మాత్రం నిజమే నాయనా. అది మర్చిపోకుండా చూస్తూ ఉండు" అన్నారు.

ఆస్పత్రిలోనే ఒక కంప్యూటర్ పెట్టి వాడటం మొదలయ్యాక, విడివిడిగా చెయ్యడంలో లాభం తొందర్లోనే తెలిసింది. ఒక వారం రక్తం ముక్క, వచ్చిన వాళ్లందరికీ జాగ్రత్త, జాగ్రత్త అంటూ కూర్చుంది. పాత ప్రోగ్రామైతే మొత్తం పారేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు మిగతా రెండూ తమ పని తాము చేసుకుంటున్నాయి, చెడింది ఎక్కడో తెలుస్తూనే ఉంది. రక్తం గడ్డకట్టేదీ లేనిదీ చూడాలంటే గాజుగొట్టంలో కాస్త రక్తం పోసి, కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. కొత్తగా చేరిన ఆయా ఆ గొట్టాలు సబ్బుతో తళతళా తోముతోంది. సబ్బు అంటిన గొట్టంలో ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టదట. కొత్త గొట్టాలు తెప్పించారు, ముక్క కుదుటపడింది. ఆయాని ఎవరూ ఏమీ అనకుండా మేడం ముందే చెప్పి పెట్టారు, "శుభ్రంగా తోమడం కూడా తప్పేనా అని ఆవిడ మానేస్తే ఇంకా ప్రమాదం" అని.

ఇక నేను చెప్పాలనుకున్న రోజు. నాట్లు అయిపోయి, చేలు పచ్చబడి, పురుగుమందు కొట్టే రోజులు. మేడం, నేను కొత్త ప్రోగ్రాము ఉన్న ఫ్లాపీ తీసుకుని వెళ్లాం. డాక్టరు గారు పనిమీద విజయవాడ వెళ్లారు. వార్డులో కోడూరు వైపు నుంచి వచ్చిన రైతొకాయన ఉన్నాడు. రెండు రోజుల కింద మూతికి గుడ్డ కట్టుకోకుండా, ఎదురుగాలిలో మందు కొట్టి, చేలోనే పడిపోయాడు. నోట్లోంచి చొంగ కారుతూ, చెమటలు కక్కుతూ వచ్చినవాడు, సూదులు పడ్డాక తేరుకున్నాడు. మేము వెళ్లేసరికి గోడకి ఆనుకుని ఇడ్లీ తింటున్నాడు. భార్య సంచీ సర్దేసింది.

"బానే ఉన్నాడు గదండీ. తీసుకెళ్తాం. ఇంటి దగ్గర గేదెలున్నాయ్, చూసేవాళ్లు లేరు."

డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు గారు కుర్రాడు, జాగ్రత్తపరుడు. కంటిపాపలు చూశాడు, గుండెలు విన్నాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పంపించేయొచ్చన్నాడు. పుస్తకం ప్రకారం ఆయన చూడాల్సినవన్నీ చూశాడు.

పెద్ద సిస్టర్ గారు మాత్రం డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టించకుండా మా దగ్గరికి వచ్చారు. "మేడం గారూ, ఇడ్లీ తినేటప్పుడు తల గోడకే ఆనించి ఉంచుతున్నాడు. ముక్క నోట్లో పెట్టుకోడానికి కూడా ముందుకి రావట్లేదు. ఊపిరి ముక్కలో పెట్టి చూడొచ్చా?"

మేడం వెంటనే సరేననలేదు. అప్పుడు ఆవిడన్న మాట నాకు ఇప్పటికీ ముఖ్యం. "దీనికి పురుగుమందు తెలీదు సిస్టర్ గారూ. పాముకాటు వాళ్లని మాత్రమే చూసింది." గోడకానించిన రైతు తల వైపు చూశారు. "కానీ ఇది అడిగేది పాము గురించి కాదు. ఊపిరి గురించే. అడుగుదాం. అదేం చెప్పినా డాక్టర్లకి చెప్దాం. నిర్ణయం వాళ్లది."

రైతు చేత కూత పెట్టించారు. "చెడుగుడుగుడు" అని మొదలుపెట్టి, నాలుగడుగులు వెయ్యకుండానే దొరికిపోయిన ఆటగాడిలా ఆగిపోయాడు. "నిన్నట్నుంచీ నీరసంగా ఉందిలెండి" అని నవ్వాడు. పడుకోబెట్టి తల ఎత్తమన్నారు. గడ్డం కాస్త కదిలింది, తల దిండు వదల్లేదు. నేను కంప్యూటర్లో ఒక్కొక్కటే నొక్కాను. తెలుగు మాటలే ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఉండేవి ఆ తెర మీద. జాగ్రత్త అని వచ్చింది.

చిన్న డాక్టరు గారు తెర వైపు చూసి, మళ్లీ మంచం దగ్గరికి వెళ్లి, తన చేత్తో తల కింద పట్టుకుని "ఎత్తు బాబాయ్" అన్నాడు. ఆయన మొహం మారిపోయింది. పరుగున వెళ్లి విజయవాడ ఆస్పత్రికి ఫోన్ కలిపాడు. అక్కడి డాక్టరు ఎక్కువ మాట్లాడలేదట. తేరుకున్నాక కూడా రెండు మూడు రోజులకి మెడ, ఛాతీ కండరాలు ఒక్కసారిగా చచ్చుబడటం కొన్ని మందులకి ఉందనీ, వెంటనే కారులో పడుకోబెట్టి తీసుకురమ్మనీ, దారిలో ఊపిరి ఆగితే గాలి అందించే రబ్బరు బ్యాగ్ నొక్కుతూ రమ్మనీ చెప్పారట.

భార్య ఒప్పుకోలేదు. "ఇడ్లీ తింటున్న మనిషిని విజయవాడ తీసుకెళ్లడమేంటి? ఆ టీవీ పెట్టె ఏదో చెప్పిందని?"

మేడం ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నారు. "ఆ పెట్టె మాట వినొద్దమ్మా. నువ్వే చూడు. ఆయన్ని తల ఎత్తి నీ వైపు చూడమను."

ఆవిడ చెప్పింది. ఆయన ప్రయత్నించాడు. ఆవిడ సంచీ అక్కడే వదిలేసి కారెక్కింది.

చిన్న డాక్టరు గారు, పెద్ద సిస్టర్ గారు కూడా వెళ్లారు. మేడం, నేను ఆస్పత్రిలో ఉండిపోయాం. టీ తెచ్చి పెడితే ఆవిడ ముట్టుకోలేదు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉన్నారు. మధ్యలో ఒకసారి నా దగ్గర ఆగి, "పంపించకపోయినా బాగుండేవాడేమో. అప్పుడు వాళ్లని అనవసరంగా హడలగొట్టినట్టు" అన్నారు. ఇంకోసారి ఆగి, "అదే అయితే బాగుణ్ణు" అన్నారు.

సాయంత్రానికి ఫోనొచ్చింది. ఉయ్యూరు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి ఆగిపోయిందట. అక్కణ్ణుంచి విజయవాడ దాకా సిస్టర్ గారు, చిన్న డాక్టరు గారు చేతులు మార్చుకుంటూ బ్యాగ్ నొక్కారట. మిషను మీద పెట్టారు, బతుకుతాడన్నారు. బతికాడు కూడా. ఆ పొద్దున పంపించేసి ఉంటే అది ఇంట్లోనే జరిగేది.

ఫోన్ పెట్టేశాక మేడం బయట కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నారు. తిరిగొచ్చి, పైటతో తుడుచుకుంటూ, "పురుగుమందు కేస్ షీట్లు ఎక్కడున్నాయో అడుగు" అన్నారు.

"ఇప్పుడా మేడం? పనిచేసింది కదా!"

"ఒక్కసారి పనిచేసింది. ఒక్క మనిషి బతికాడని ముక్క మంచిదైపోదమ్మా. ఆ పాత కేసులన్నిట్లోనూ ఇది ఏమంటుందో చూడాలి. తప్పు చెప్పే చోట్లు మనమే ముందు వెతుక్కోవాలి, రోగి వెతికి చూపించకముందే."

చూశాం. చాలా కేసుల్లో అది తెలియదు అంది. పురుగుమందు తాగినా, పీల్చినా, వాళ్ల తల ఎత్తించి చూడటం అప్పటిదాకా ఎవరూ రాయలేదు మరి. ఆ రోజు నుంచి ఆస్పత్రిలో విషం ఏదైనా సరే, తల ఎత్తించడం, కూత పెట్టించడం అందరికీ చేశారు. తగినన్ని కేసులు పోగయ్యాక ఊపిరి ముక్కకి మళ్లీ నేర్పించాం. అడిగే ప్రశ్నలు అవే ఉన్నాయి, వాటి వరస మాత్రం కాస్త మారింది. మేడం ఆ వరసని అరచేతి కింద నుంచి ఒక్కొక్కటే చదివి, మొదటిసారి, "బాగుంది" అన్నారు. ఆ మాట కోసం నేను డిగ్రీ మొదటి సంవత్సరం నుంచి ఎదురుచూశాను.

ఆ తర్వాత నాకు బందరులో ఉద్యోగం వచ్చింది. మేడం ఆవిడ పద్ధతిలోనే అభినందించారు. "పాఠం చెప్పేటప్పుడు నీకు తెలిసిందంతా ఒకే రోజు పొయ్యకు. పిల్లలు ఇంకో చోట వాడుకునేట్టు విడగొట్టి ఇవ్వు." ఇప్పటికీ పాఠం తయారు చేసుకుంటుంటే నా కాగితం మీద నేనే చెయ్యి పెట్టుకుంటాను. గుడివాడలో ఆవిణ్ణి చివరిసారి చూడటానికి వచ్చిన వాళ్లలో బ్యాంకుల్లో, కంపెనీల్లో, బడుల్లో పనిచేసే ఆవిడ శిష్యులు చాలామందే ఉన్నారు. డాక్టరు గారు ఒక మూల కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకీ, "మా వదిన నాకు వైద్యం నేర్పింది" అని చెప్తున్నారు. ఎవరో అది అతిశయోక్తి అనుకుని తల ఊపారు. ఆయన నిజంగానే అంటున్నారని నాకు తెలుసు.

మేడం ఉండగానే, నేను బందరు చేరిన కొత్తల్లో ఇంకొక సంగతి జరిగింది. గిలకలదిండి హార్బర్ దగ్గర మత్స్యకారుల కోసం ఒక చిన్న దవాఖానా ఉంది. వలలు లాగేటప్పుడు అప్పుడప్పుడు చేపలతోపాటు సముద్రపు పాములు వస్తాయి. వాటి కాటు దోమకాటంత కూడా నొప్పి ఉండదు, ఊపిరి మాత్రం తీసేస్తుంది. మా విరుగుడు సూది దానికి పనిచెయ్యదని డాక్టరు గారు చెప్పారు. "అయితే రక్తం ముక్క, వాపు ముక్క అక్కడికి అనవసరం. ఊపిరి ఒక్కటే ఇద్దాం" అన్నారు మేడం. పదునైన కత్తితో కొబ్బరి ముక్క తీసినంత సులువుగా వచ్చింది అది. ఎక్కడా పాము పేరు లేకపోవడం ఎంత మేలో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

అక్కడి కాంపౌండర్ గారు దాన్ని బాగానే వాడుకున్నారు. కొన్నాళ్లకి ఒక మత్స్యకారుడు వలలోంచి చేపలు ఏరుతుంటే పాము కరిచింది. "ఏం లేదండీ, గీరుకుంది" అంటూ వచ్చిన ఆ మనిషిని, ముక్క జాగ్రత్త అన్నాక, పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ కొన్నాళ్లు మిషను మీద ఉండి, లేచి ఇంటికొచ్చాడు.

అతను మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్నాడని తెలిసిన వారంలోనే మేడం ఫ్లాపీ మార్చడానికి బందరు వచ్చారు. పని ముగించుకుని హార్బర్ చూద్దామన్నారు. పొద్దున్న వేలం అయిపోయింది. రేవంతా ఐసు ముక్కలు కరిగి తడితడిగా ఉంది. ఆడవాళ్లు ఖాళీ తట్టలు కడుక్కుంటున్నారు, కొందరు మగాళ్లు కాళ్లు చాపుకుని వలలు అల్లుకుంటున్నారు. బయల్దేరుతున్న మరబోటు ఒకటి చూపించి కాంపౌండర్ గారు, "అదిగోండి, ఆకుపచ్చ చొక్కా ఆయనే. పిలవమంటారా?" అన్నారు.

"వద్దు వద్దు. పనిలో ఉన్నాడు" అన్నారు మేడం.

ఇంజను అందుకుంది. ఆకుపచ్చ చొక్కా మనిషి మోకు చుట్టి లోపల పడేసి, నిలబడి ఒడ్డు వైపు చూశాడు. మా వెనకాల అతని భార్య, చంకలో పాపతో, ఇంకా ఎవరెవరో ఉన్నారు. వాళ్లకి చెయ్యి ఊపాడు.

అతనికి మేడం ఎవరో తెలియదు. ఆ చెయ్యి ఊపింది ఆవిడకి కాదు. అయినా మేడం, చెప్పులు తడవకుండా ఒక చేత్తో చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, ఆ బోటు కాలవ మలుపు తిరిగి సముద్రం వైపు వెళ్లిపోయేదాకా, అలా ఊపుతూనే ఉన్నారు.